ఊరికో నేల... నేలకో ఇల్లు

బందరు, గుడివాడ, దివిసీమ రైతులు దగ్గరుండి ఇల్లు కట్టుకోవాలంటే ముందు చూడాల్సింది ప్లాను కాదు, కాళ్లకింది మట్టి

వేసవిలో డాబా కింద నిద్ర పట్టదు. తుపానులో పాక కింద నిద్ర పట్టదు. దిగువ కృష్ణా డెల్టాలో ఇల్లు కట్టుకోవాలనుకునే ప్రతి రైతుకూ ఈ రెండు బాధలూ తెలిసినవే. పాకలో ఉన్నవారు పెంకుటిల్లు కావాలనుకుంటారు. పెంకుటింట్లో ఉన్నవారు డాబా వేయాలనుకుంటారు. డాబా వేసినవారు మే నెల వచ్చేసరికి మంచాలు ఎత్తుకుని పెరట్లో వేపచెట్టు కిందికి చేరతారు.

మేస్త్రీని పిలిచి అడిగితే, "ఏముందండీ, తొమ్మిది పిల్లర్లు లేపి స్లాబు పోసేద్దాం" అంటాడు. గుడివాడ రేగడిలోనూ అదే ప్లాను, బందరు ఉప్పు నేలలోనూ అదే ప్లాను, నాగాయలంక ఇసుక ఒండ్రులోనూ అదే ప్లాను. పొలానికి మాత్రం మనం అలా చేయం. ఈ చెక్కకు ఏ వంగడం, ఆ చెక్కకు ఏ వంగడం అని పది మందిని అడిగి గాని విత్తనం నానబోయం. పంట ఒక కారుకు సంబంధించిన సంగతి. ఇల్లు రెండు తరాల సంగతి. అలాంటిది నేలను చూడకుండా ఇల్లు కట్టడం ఏమి న్యాయం?

తక్కువ ఖర్చు, తక్కువ కరెంటు, ఎక్కువ మన్నిక ఉన్న ఇల్లు మన దగ్గర సాధ్యమే. దానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. నేల, నీరు, గాలి, ఎండ – ఈ నాలుగింటి లెక్క తెలిస్తే చాలు.

ఇంటికి రెండు బిల్లులు

ప్రతి ఇంటికీ రెండు బిల్లులు ఉంటాయి. మొదటిది కట్టేటప్పుడు వచ్చేది. ఇటుక బట్టీలో వెయ్యి డిగ్రీల దాకా కాలుతుంది. సిమెంటు ముడిసరుకును కొలిమిలో 1,450 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇనుము సంగతి చెప్పనక్కర్లేదు. ఆ బొగ్గు, ఆ ఊక, ఆ కరెంటు ఖర్చంతా మనం కొనే బస్తాలోనూ ఊచలోనూ కలిసే వస్తుంది. రెండో బిల్లు నెలనెలా వచ్చేది. ఫ్యాన్లు, కూలరు, ఏసీ, మోటారు. ఇల్లు వేడెక్కేలా కట్టుకుంటే ఈ బిల్లు ఇల్లు ఉన్నంత కాలం కట్టాల్సిందే.

మంచి ఇల్లంటే ఈ రెండు బిల్లులూ తక్కువగా ఉండే ఇల్లు. మన ప్రాంతంలో దీనికి మూడో షరతు కూడా ఉంది. తుపానుకు నిలవాలి. ఈ మూడోది మరచిపోయి మొదటి రెండూ సాధించినా ఉపయోగం లేదు.

1977 చెప్పిన పాఠం

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున పొంగి ఊళ్ల మీదికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరపు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది చనిపోయారు. పోయిన పశువులకు లెక్కే లేదు. అంతకు నూరేళ్ల పైన, 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది ప్రాణాలు పోయాయి. 1990 మే నెలలో వచ్చిన తుపాను కూడా కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది.

తాతల కాలం నుంచి తీరంలో ఉన్న చుట్టిల్లు ఒక్కసారి గుర్తుచేసుకోండి. గుండ్రటి మందపు మట్టిగోడ, శంకువులాంటి ఏటవాలు తాటాకు కప్పు, మనిషి వంగి దూరేంత కిందికి దిగిన చూరు, ఒక్కటే గుమ్మం. గోడ గుండ్రంగా ఉంటే గాలి నిలబడి గుద్దదు, పక్కనుంచి జారిపోతుంది. చూరు కిందికి ఉంటే గాలి కప్పు కింద దూరి పైకి లేపదు. ఇంజనీర్లు ఇవాళ పుస్తకాల్లో రాసే సూత్రాలు అవే.

అయితే చుట్టిల్లు గాలికే తట్టుకుంటుంది, నీటికి కాదు. ఉప్పెన నీళ్లు తగిలితే మట్టిగోడ నాని కూలిపోతుంది. వేసవిలో తాటాకుకు నిప్పు భయం. మూడు నాలుగేళ్లకోసారి కప్పు మార్చాలి. కాబట్టి మళ్లీ చుట్టిల్లు కట్టుకోమని ఎవరూ చెప్పడం లేదు. దాని బుద్ధి తీసుకోండి, దాని బలహీనత వదిలేయండి అనే చెబుతున్నాం.

గుడివాడ: బీటలు వేసే నేల

గుడివాడ చుట్టుపక్కల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. ఏటా ఈ నేల లేస్తూ దిగుతూ ఉంటే పైనున్న ఇల్లు కూడా దానితో పాటు ఊగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా గోడ పగలడం మనం చూస్తూనే ఉన్నాం. మేస్త్రీ పనితనం తప్పని తిట్టుకుంటాం గాని, చాలాచోట్ల తప్పు పునాదిది.

రేగడిలో తేమ మార్పు సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకా ఉంటుంది. పునాది నాలుగడుగుల దగ్గర ఆగిపోతే అది ఉబ్బే మట్టిలోనే కూర్చున్నట్టు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీనికి అభివృద్ధి చేసిన మార్గం అండర్ రీమ్డ్ పైలు. చేతి బర్మాతో మూడున్నర మీటర్లకు తగ్గకుండా గుంట దించి, అడుగున దాన్ని ఉల్లిగడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. ఆ గడ్డ వెడల్పు సాధారణంగా కాడకు రెండున్నర రెట్లు ఉంటుంది. పైన మట్టి ఉబ్బినా అడుగున గడ్డ పట్టుకుని ఉంటుంది. పైళ్లను కలిపే దూలాన్ని నేలకు ఆనించకుండా మూడంగుళాల సందు వదలాలి. మట్టి ఉబ్బడానికి చోటు కావాలి కదా!

వెడల్పు కందకాలు తవ్వి రాయీ కాంక్రీటూ నింపడం కంటే ఈ పైళ్లకు పట్టే సామాను తక్కువ. అంటే మొదటి బిల్లు ఇక్కడే తగ్గుతుంది. ఎన్ని పైళ్లు, ఎంత ఊచ అన్నది మాత్రం ఇంజనీరు చేత లెక్క వేయించుకోవాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఇంటి పక్కనే పెద్ద చెట్టు ఉంటే అది నేలలో నీరు పీల్చి ఒక మూల కుంగేలా చేస్తుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరంలో నాటండి. చేపల చెరువు గట్టు ఇంటికి ఒకవైపే ఆనుకుని ఉంటే ఆ వైపు నేల ఎప్పుడూ తడి, ఇటువైపు పొడి. అలాంటి స్థలంలో రేగడి మీద ఇల్లు నిలకడగా ఉండదు.

బందరు: ఇనుమును తినే గాలి

బందరు తీరంలో సమస్య వేరు. ఇక్కడ ఉప్పు కిందనుంచీ వస్తుంది, పైనుంచీ వస్తుంది. నేలలోని ఉప్పు నీరు దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు గోడలోకి ఎక్కుతుంది. గోడ అడుగున రెండు మూడు అడుగుల మేర ప్లాస్టరింగు పొట్టు రాలడం అందుకే. బేస్‌మట్టం మీద తడి ఎక్కకుండా ఆపే పొర వేయకుండా గోడ లేపనివ్వవద్దు.

పైనుంచి వచ్చేది ఉప్పుగాలి. స్లాబులో ఊచకు తుప్పు పడితే అది ఉబ్బి కింది కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. సామాన్యంగా మేస్త్రీలు ఊచ కింద ముప్పాతిక అంగుళం కాంక్రీటు ఉంటే చాలనుకుంటారు. తీరపు గాలి తగిలే చోట 45 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు ఒకటి ముప్పాతిక అంగుళం ఉండాలనీ, కాంక్రీటు ఎం-30 రకానికి తగ్గకూడదనీ భారత ప్రమాణాల కోడు చెబుతోంది. కవరు బిళ్లలు ముందే పోయించి పెట్టుకుని, స్లాబు పోసే రోజు ప్రతి ఊచ కిందా ఉన్నాయో లేదో మీరే వంగి చూడండి. ఆ ఒక్క పూట అజాగ్రత్తగా ఉంటే ఇరవై ఏళ్లకు మీ అబ్బాయి కొత్త స్లాబు పోయించుకోవాల్సి వస్తుంది.

తాగడానికి పనికిరాని నీళ్లు కాంక్రీటుకూ పనికిరావు. దగ్గర్లో ఉందని ఉప్పు బోరు నీళ్లు కలపడం, సముద్రపు ఇసుక వాడడం ఊచకు విషం పెట్టడమే. కాలవ నీళ్లు వచ్చే రోజుల్లోనే కాంక్రీటు పని పెట్టుకోండి. కాలవ కట్టేసే వేసవిలో పని పడితే మంచినీళ్ల ట్యాంకరు ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇక్కడ పాతకాలపు గుల్ల సున్నానికి ఇంకా పని ఉంది. గుల్లలు కాల్చి, గానుగలో నూరిన సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. తడి ఎక్కిన గోడకు సిమెంటు ప్లాస్టరింగు మీద ప్లాస్టరింగు చేయడం కంటే, సున్నపు పూతే మేలు. తడి ఆరిపోవడానికి దారి దొరుకుతుంది.

దివిసీమ: నీరు ఎంత ఎత్తు వచ్చింది?

దివిసీమలో మొదటి ప్రశ్న మట్టి గురించి కాదు, నీటి మట్టం గురించి. ఇక్కడ రెండు రకాల నీళ్లు వస్తాయి. ఒకటి ఏటి నీరు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక ఊళ్ల వారికి ఆ సంగతి అనుభవమైంది. రెండోది ఉప్పెన నీరు. చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి వైపు మొదటి దానికీ గాలికీ సిద్ధపడాలి. నాగాయలంక, కోడూరు వైపు రెండింటికీ సిద్ధపడాలి.

స్థలం నిర్ణయించే ముందు ఊళ్లో పెద్దలను అడగండి. "1977లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? ఏ అరుగు మునిగింది? ఏ గుడి మెట్లు మిగిలాయి?" అని అడిగి ఆ గుర్తు రాసి పెట్టుకోండి. ఆ ఉప్పెన చూసిన వాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. వారికి తెలిసిన మట్టం ఏ ఆఫీసు మ్యాపులోనూ అంత వివరంగా ఉండదు.

ఏటి వరద వరకైతే మెరకే మందు. గుర్తుకు వచ్చిన మట్టానికి కనీసం రెండడుగుల పైన గది నేల ఉండాలి. లెక్క చూడండి. 40 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు దిబ్బకు 4,800 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రాక్టరు ట్రక్కుకు వంద ఘనపుటడుగుల చొప్పున 48 ట్రక్కులు. తొక్కించాక అణుగుతుంది కాబట్టి 60 అనుకోవచ్చు. అదే మట్టిని సొంత స్థలంలో 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పున, నాలుగైదడుగుల లోతు గుంట తవ్వి తీసుకుంటే తోలకం ఖర్చు తప్పుతుంది, వాన నీరు నిలవడానికి చెరువూ దొరుకుతుంది. గుంట ఇంటికి యాభై అడుగుల దూరంలో ఉండాలి. చిన్నపిల్లలున్న ఇల్లయితే చుట్టూ కంచె తప్పదు. దిబ్బ వాలుల మీద వట్టివేరు గానీ గరిక గానీ నాటితే వరద ఒరుసుకుపోదు.

మినుములు తీయగానే మెరక తోలి, ఒక వానాకాలం నానబెట్టి, మళ్లీ వేసవిలో పునాది తీయడం మంచి పద్ధతి. తోలిన మట్టి మీద పునాది ఆగకూడదు. దాన్ని దాటి అసలు నేలలోకి దిగాలి.

ఉప్పెన వరకైతే నిజం చెప్పుకోవాలి. ఐదు మీటర్ల నీటికి మనం కట్టుకునే ఏ దిబ్బా సరిపోదు. తుపాను షెల్టర్లను స్తంభాల మీద ఎందుకు కట్టారో గమనించండి. నీరు కిందనుంచి పోతుంది, మనుషులు పైన ఉంటారు. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో ఇంటి ప్లాను వేసేటప్పుడే షెల్టరు ఎంత దూరం, దారి మునుగుతుందా, ముసలివారిని ఎలా తీసుకెళ్లాలి అన్నది కూడా ప్లానులో భాగమే అనుకోవాలి. తీరం వెంట, ఏటి పాయల వెంట కట్టడాలకు వేరే నిబంధనలు ఉంటాయి. పంచాయతీలో ముందే కనుక్కోవాలి.

రెండు ధాన్యం బస్తాల లెక్క

ఇక కప్పు. గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పైకి లేపుతుంది. గాలివానలో గొడుగు తిరగబడటం చూశారు కదా, అదే పని.

మన ప్రాంతానికి ఇంజనీర్లు తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు రెండు! కప్పు అంచుల దగ్గర, మూలల దగ్గర అంతకంటే ఎక్కువ. ఇప్పుడు కప్పుల బరువు చూడండి. ఇనుప రేకు చదరపు మీటరుకు ఐదారు కిలోలు. పెంకు కప్పు యాభై అరవై కిలోలు. ఐదంగుళాల స్లాబు సుమారు 300 కిలోలు. స్లాబు తన బరువు మీదే కూర్చుంటుంది. రేకూ పెంకూ కట్టు మీదే నిలుస్తాయి. అందుకే తుపానుకు రేకులు కాగితాల్లా ఎగురుతాయి.

కట్టు అంటే ఒక్కచోట కట్టడం కాదు. పెంకు పెండెకు, పెండె వాసానికి, వాసం దూలానికి, దూలం గోడకు, గోడ పునాదికి పట్టి ఉండాలి. పలుపుతాడు ఎంత గట్టిదైనా గుంజ ఊడితే గేదె చేలో పడుతుంది. దూలాన్ని గోడ మీద ఊరికే పెట్టి మట్టి మెత్తే అలవాటు మానాలి. పునాది నుంచి పైకి వచ్చిన ఊచకు గానీ, గోడ పైన పోసిన బెల్టు కాంక్రీటులోని ఇనుప పట్టీకి గానీ బిగించాలి. రేకులకు మేకులు కాదు, జె-బోల్టులు వాడాలి. పెంకుల్లో చూరు వరసలనూ కొప్పు వరసలనూ తీగతో కట్టాలి.

రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు గాలికి మేలు. వాలు మరీ పడుకోకూడదు. 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. వసారా కప్పును ఇంటి కప్పుతో కలిపి సాగదీయకండి. వసారా వేరే దూలం మీద వేరేగా ఉండాలి. తుపానుకు వసారా పోయినా ఇంటి కప్పు మిగులుతుంది. కలిపి వేస్తే వసారా కిందనుంచి దూరిన గాలి మొత్తం కప్పును లేపుకుపోతుంది.

ఒక గది గట్టిగా... మిగతాది చల్లగా

ఇల్లంతా స్లాబు వేస్తే సిమెంటూ ఇనుమూ ఎక్కువ, వేడీ ఎక్కువ. ఇల్లంతా పెంకు వేస్తే గాలి భయం. ఈ రెండింటి మధ్య దారి ఉంది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది ఒకటి పైళ్ల మీద, నాలుగు మూలలా ఊచలతో, స్లాబుతో గట్టిగా కట్టండి. దాని మీదికి బయటి నుంచి మెట్లు పెట్టండి. తుపాను రాత్రి కుటుంబం, ధాన్యం, పట్టాదారు పుస్తకాలు, ఆ గదిలో. మిగతా గదులు, వంటిల్లు, వసారా పెంకుతో చల్లగా ఉండేలా వేసుకోండి. గట్టి గదికీ మిగతా ఇంటికీ గోడలు కలపకుండా సన్నని సందు వదిలితే ఒకటి కుంగినా రెండోది పగలదు.

డబ్బు దృష్ట్యా కూడా రైతుకు ఇదే అనుకూలం. ఈ ఏడు మెరక, వచ్చే ఏడు గట్టి గది, ఆ పై ఏడు మిగతాది. పంట డబ్బుతో అంచెలంచెలుగా కట్టుకుంటే అప్పు వడ్డీ ఇంటి గోడలో కలవదు.

స్లాబు చల్లబడాలంటే దాని మీద ఎండ పడకూడదు, పడినా తిరిగి పోవాలి. మార్చి నెలలో సున్నంలో కాస్త జిగురు కలిపి స్లాబు మీద రెండు పూతలు వేస్తే గది లోపల రెండు మూడు డిగ్రీలు తేడా తెలుస్తుంది. ఏటా వేసుకోవాల్సిందే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. మన అమ్మమ్మలు పండక్కి గోడలకు కొట్టిన సున్నమే అది, కాకపోతే కప్పు మీదికి ఎక్కింది.

ఘంటసాల ఇటుకలు

గోడ సంగతికి వస్తే మన పొరుగునే ఒక పాఠం ఉంది. ఘంటసాల బౌద్ధ స్తూపాన్ని మొత్తం ఇటుకతో నింపి కట్టలేదు. బండిచక్రం ఆకుల్లా లోపల గోడలు కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి కూరారు. బలం ఎక్కడ కావాలో అక్కడే ఇటుక పెట్టారు.

అదే బుద్ధితో కేరళలో లారీ బేకర్ (1917–2007) వేల మందికి చవగ్గా ఇళ్లు కట్టి చూపించాడు. ఆయన ప్రచారం చేసిన ఎలుకబోను కట్టులో ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు. తొమ్మిదంగుళాల గోడ మధ్యలో ఖాళీ వస్తుంది. నాలుగు ఇటుకలు పట్టే చోట మూడు సరిపోతాయి. మధ్యనున్న గాలి ఎండ వేడిని లోపలికి త్వరగా రానివ్వదు. మూలల్లోని ఖాళీలో ఊచ నిలబెట్టి కాంక్రీటు పోస్తే తుపాను బలమూ వస్తుంది. నేలమట్టం దాకా, గుమ్మాల పక్కన మాత్రం గోడ నిండుగానే ఉండాలి.

దీనికి ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి. వంకర టింకర నాటు ఇటుకతో ఈ కట్టు కుదరదు. బూడిద ఇటుకలు ఇందుకు సరిపోతాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద మన జిల్లాలకు దగ్గరే. విశాఖపట్నానికి చెందిన భానుమతీదాస్, కాళిదాస్‌లు రూపొందించిన ఫాల్-జి పద్ధతిలో బూడిద, సున్నం, జిప్సం కలిపి ఇటుక చేస్తారు. బట్టీలో కాల్చే పనే లేదు.

మట్టి ఇటుకల మీద మోజున్నవారు ఒకటి గమనించాలి. ఒత్తి చేసే మట్టి ఇటుకకు ఇసుక పాలు ఎక్కువున్న నేల కావాలి. రేగడితో చేస్తే ఎండి పగులుతుంది. ఉప్పెన, వరద తగిలే చోట మట్టిగోడ వద్దేవద్దు.

గాలికి దారి, ఎండకు అడ్డు

వాస్తు ఎవరి నమ్మకం వారిది. సూర్యుడి దారి మాత్రం అందరికీ ఒకటే. మన డెల్టా 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అందుకే ఉత్తరం కిటికీకి కూడా సన్‌షేడు కావాలి. అన్నిటికంటే మొండిది పడమటి ఎండ. పడమటి వైపు పడకగది పెట్టకండి. మెట్లు, స్నానాలగది, ధాన్యం గది పెడితే అవే గొడుగు పడతాయి.

సాయంత్రం వచ్చే సముద్రపు గాలికి దక్షిణం, ఆగ్నేయం వైపు కిటికీలు తెరవండి. వచ్చిన గాలి పోవడానికి ఎదురు గోడలో కూడా దారి ఉండాలి. లేకపోతే గాలి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. కిటికీలు గోడ మూలకు రెండడుగుల దూరంలో ఉండాలి. తలుపు రెక్కలకు గట్టి గడియలు ఉండాలి. తుపానులో ఒక్క కిటికీ ఊడినా గాలి లోపలికి దూరి కప్పును తన్నేస్తుంది.

నీరు, కరెంటు, గ్యాసు

మన ప్రాంతంలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. 60 చదరపు మీటర్ల కప్పు మీద పడినదాంట్లో ఐదింట నాలుగొంతులు పట్టినా 48 వేల లీటర్లు. బోరు ఉప్పగా ఉన్న ఊళ్లలో ఇది బంగారం. మొదటి వాన కప్పు కడిగేసుకోనిచ్చి, తరువాతి నీటిని మూత ఉన్న తొట్టిలోకి మళ్లించండి.

మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 80 యూనిట్ల తేడా. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి కప్పు మీది సౌర పలకలకు రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేలు, మూడు కిలోవాట్లకు మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించారు. ఒక కిలోవాటు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. పలకలు స్లాబుకు నీడ కూడా పడతాయి. అయితే ఫ్రేములను స్లాబులో బోల్టులతో దిగ్గొట్టించాలి. ఇటుకలు బరువు పెట్టి వదిలేస్తే అవి పక్క చేలో తేలతాయి.

ముందు ఇల్లు చల్లగా కట్టండి, తరువాతే సోలారు గురించి ఆలోచించండి. వేడి డాబా మీద సోలారు పెట్టి ఏసీ నడపడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

నాలుగైదు పశువులున్న ఇంటికి రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాసు ప్లాంటు చాలు. రోజుకు 50 కిలోల పేడతో నలుగురైదుగురి వంట గడుస్తుంది. మిగిలిన ముద్ద పొలానికి పోతుంది.

గుర్తుంచుకోండి

★ పునాది తీయకముందే మట్టి పరీక్ష, నీటి మట్టం గుర్తు, రెండూ చేతిలో ఉండాలి.

★ గుడివాడ వైపు డబ్బు పునాదిలో పెట్టండి. బందరు వైపు ఊచ మీది కవరులో పెట్టండి. దివిసీమలో మెరకలో పెట్టండి.

★ స్లాబు రోజున, బెల్టు కాంక్రీటు రోజున పొలం పని మానుకుని దగ్గర ఉండండి. కాంక్రీటు ఆరాక లోపల ఏముందో ఎవరికీ కనిపించదు.

★ కాంక్రీటుకు కనీసం పది రోజులు మంచినీటి తడి తగ్గనివ్వకండి.

★ ఏటా అక్టోబరుకు ముందు కప్పు మీదికెక్కి కట్లు, బోల్టులు బిగించుకోండి. వరికి కలుపు ఎలాగో ఇంటికి ఇది అలాగ.

చివరగా ఒక్క మాట. ఎంత గట్టిగా కట్టినా ఇల్లు ఇల్లే. తీరపు ఊళ్లలో దండోరా వేసి ఖాళీ చేయమన్నప్పుడు "మాది కొత్త డాబా, మాకేం కాదు" అని కూర్చోవద్దు. గొడ్ల పలుపులు విప్పి, పిల్లల్ని తీసుకుని షెల్టరుకు వెళ్లండి. తెల్లారి తిరిగి వచ్చేసరికి ఇల్లు నిలబడి ఉండాలి. దాన్ని చూసుకోవడానికి మీరూ ఉండాలి.